మధ్యలో మొదలయ్యే పరీక్ష

ఆ పరీక్ష మొత్తం ఒక్క కాగితం మీద ఉంటుంది. ఒక చోట కొన్ని అక్షరాలు, ఇంకో చోట కొన్ని పదాలు, ఒక పక్క నాలుగు చిన్న వాక్యాల పేరా, మరో పక్క ఏడు నుంచి పది వాక్యాల కథ. అంతే. మార్కులు లేవు, ర్యాంకు లేదు, ఖాళీలు పూరించడం లేదు, జతపరచడం లేదు. పిల్లవాడు పెన్ను పట్టుకోనక్కర్లేదు. పెద్దవాళ్లెవరో పక్కన కూర్చుని కాగితం చూపిస్తారు, వాడు చదువుతాడు. కొద్ది నిమిషాల్లో వాడికి చదవడం ఎంతవరకు వచ్చిందో ఆ పెద్దవాళ్లకూ తెలుస్తుంది, గుమ్మంలో నిలబడి చూస్తున్న వాళ్లమ్మకూ తెలుస్తుంది.

ఇది పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో వాడే చదువు పరీక్ష. అసర్ నివేదిక వచ్చినప్పుడల్లా ప్రాథమిక బడుల గురించి పత్రికల్లో పెద్ద అక్షరాల వార్తలు వస్తాయి. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు ఎందరు, ఐదో తరగతిలో భాగహారం వచ్చినవాళ్లు ఎందరు, ఏ రాష్ట్రం ఎక్కింది, ఏది దిగింది. ఆ శాతాల మీద నాలుగు రోజులు చర్చ జరుగుతుంది, తర్వాత సద్దుమణుగుతుంది. ఆ అంకెలన్నీ పుట్టిన కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూసేవాళ్లు మాత్రం తక్కువ. నాకు ఆ నివేదిక కంటే ఈ కాగితమే గొప్పగా కనిపిస్తుంది. పిల్లల పరీక్షల కోసం మన దేశంలో తయారైన వస్తువుల్లో ఇంత శ్రద్ధగా, ఇంత దయగా, ఇంత పొదుపుగా చెక్కినది ఇంకొకటి నేను చూడలేదు. అందుకే దీని పనితనం గురించి నిదానంగా చెప్పాలనుకుంటున్నాను.

ముందు కాస్త పుట్టుపూర్వోత్తరాలు. మాధవ్ చవాన్, ఫరీదా లాంబే 1995లో ముంబైలో ప్రథమ్ సంస్థను మొదలుపెట్టారు. బస్తీల్లో చిన్నపిల్లలకు బాల్వాడీలు నడపడంతో ఆరంభమైన పని తర్వాత బడికి వెళ్లే పిల్లల చదువు దాకా వచ్చింది. మూడేళ్లు, నాలుగేళ్లు బడికి వెళ్లినా చిన్న వాక్యం చదవలేని పిల్లలు వాళ్లకు అడుగడుగునా కనిపించారు. ఏ పిల్లకు ఏం వచ్చో తెలుసుకోకుండా ఏం నేర్పాలో తెలియదు కదా. పెద్ద పెద్ద ప్రశ్నపత్రాలు దిద్దుతూ కూర్చునే తీరిక, చదువు ఆ బస్తీ కార్యకర్తలకు లేవు. అక్కడికక్కడే, ఎవరైనా చేయగలిగేలా ఉండాలి. ఆ అవసరంలోంచి ఈ పనిముట్టు రూపుదిద్దుకుంది. 2005లో దీన్ని పట్టుకుని దేశంలోని పల్లెల మీదికి అసర్ సర్వేగా వెళ్లారు. ఆ పనిని ముందుండి నడిపిన రుక్మిణీ బెనర్జీకి 2021లో విద్యారంగపు యిడాన్ బహుమతి వచ్చింది. 2005 నుంచి 2014 దాకా ఏటా, ఆ తర్వాత ఏడాది విడిచి ఏడాది ఈ పెద్ద సర్వే జరపాలని పెట్టుకున్నారు. కరోనా కాలంలో ఆ వరుస కాస్త చెదిరింది. 2024లో 605 జిల్లాల్లో 17,997 పల్లెలకు వెళ్లి దాదాపు ఆరున్నర లక్షల మంది పిల్లల్ని కలిశారు.

ఇక పనితనం.

మొట్టమొదట మెచ్చుకోవాల్సింది ఈ పరీక్ష మొదలయ్యే చోటు. మన బడి పరీక్షలన్నీ తేలిక నుంచి కష్టానికి వెళతాయి. అక్షరాలతో మొదలుపెట్టి, పదాలకు వెళ్లి, వాక్యాలు అడిగి, చివరికి పాఠం ఇస్తే క్రమంగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే పిల్ల ప్రయాణం ఎక్కడ ముగుస్తుందో ఆలోచించండి. ప్రతి పిల్లా తనకు చేతకాని చోటే ఆగుతుంది. చదవలేకపోయిన మాటే ఆ రోజు ఆమెకు గుర్తుండే చివరి మాట అవుతుంది. అసర్ కాగితం మీద మొదలు పెట్టేది పేరా దగ్గర, అంటే మధ్యలో. ఒకటో తరగతి స్థాయి పేరా అది. పిల్ల దాన్ని బాగా చదివితే పైకి, కథకు తీసుకెళతారు. చదవలేకపోతే కిందికి, పదాలకు దిగుతారు. "ఇందులో నీకిష్టమైన ఐదు పదాలు చదువు" అంటారు. ఐదింట నాలుగు చదివితే, మళ్లీ ఒకసారి పేరా దగ్గరికి తీసుకెళతారు. పదాలూ రాకపోతే అక్షరాలు. అక్కడా ఐదింట నాలుగు చాలు. అక్షరాలు వస్తే మళ్లీ పదాలు చూపిస్తారు.

ఆ "మళ్లీ ఒకసారి" అన్న దాంట్లో ఎంతో అనుభవం ఉంది. కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటే పిల్లలకు మొదట నోరు పెగలదు. పేరా చూడగానే బెదిరిపోయిన పిల్ల, నాలుగు పదాలు చదివేసరికి గొంతు సవరించుకుంటుంది. అప్పుడు అదే పేరా ఇస్తే కొందరు గడగడా చదివేస్తారు. మొదటి తడబాటు చదువు రాకపోవడం వల్ల వచ్చిందా, బెరుకు వల్ల వచ్చిందా అన్నది తేల్చే మార్గాన్ని పరీక్ష నడకలోనే అమర్చారు. దీనికోసం మనస్తత్వ నిపుణుడు అక్కర్లేదు. నియమం పాటిస్తే చాలు, దయ దానంతట అదే జరిగిపోతుంది. నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. అడిగేవాళ్ల మంచితనం మీద ఆధారపడకుండా, మంచితనాన్ని పద్ధతిలోకే ఎక్కించారు.

రాత పరీక్షతో పోల్చి చూస్తే దీని విలువ ఇంకా తెలుస్తుంది. మూడో తరగతి ప్రశ్నపత్రం ఇస్తున్నామంటేనే, ఆ ప్రశ్నను పిల్ల చదవగలదని మనం ముందే అనుకున్నట్టు. చదవలేని పిల్ల బడిలో పెట్టే ఎఫ్ఏ పరీక్షలోనైనా ఎస్ఏ పరీక్షలోనైనా పక్కవాళ్లది చూసి రాస్తుంది, లేదా బోర్డు మీద ఉన్నది దించుకుంటుంది, లేదా ఖాళీ కాగితం ఇస్తుంది. వచ్చిన సున్నా టీచరుకు ఏమీ చెప్పదు. ఆ పిల్లకు అక్షరాలే రావా, అక్షరాలు వచ్చి గుణింతాలు రావా, పదాలు కూడబలుక్కుని చదవగలిగి కూడా వాక్యం దగ్గర తప్పిపోతోందా? మూడూ వేర్వేరు పరిస్థితులు, మూడింటికీ వేర్వేరు సాయం కావాలి. అసర్ కాగితం మీద సున్నా లేదు. అక్షరాలు కూడా గుర్తుపట్టలేని పిల్లను ప్రారంభ స్థాయి అని రాసుకుంటారు. మిగతా వాళ్లందరికీ తాము చేయగలిగిన దాని పేరే వాళ్ల ఫలితం: అక్షరాల స్థాయి, పదాల స్థాయి, పేరా స్థాయి, కథ స్థాయి. పిల్ల ఎక్కగలిగిన ఎత్తైన మెట్టునే నమోదు చేస్తారు. జారిన మెట్లను లెక్కపెట్టరు.

చదవడం వచ్చిందని ఎప్పుడు అనాలి? తెలుగులో మనకు దీనికి చక్కటి మాటలు ఉన్నాయి. కూడబలుక్కుని చదవడం ఒకటి, ధారగా చదవడం ఒకటి. "బా...తు... బాతు... ఈ...దు..." అని ఒక్కో అక్షరాన్ని పట్టుకుని వేలాడుతూ పోయే పిల్ల చివరికి వాక్యం పూర్తి చేస్తుంది గానీ, మొదటి మాట ఏమిటో అప్పటికి మరిచిపోతుంది. అసర్ సూచనలు ఈ తేడాను పట్టుకోమంటాయి. పేరాను విడివిడి మాటల్లా కాకుండా వాక్యంలా చదవాలి. తప్పులు మూడుకు మించకూడదు. నెమ్మదిగా చదివినా పరవాలేదు. ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది. ప్రపంచంలో చాలాచోట్ల వాడే ఎగ్రా అనే చదువు పరీక్షలో స్టాప్‌వాచీ ఉంటుంది. నిమిషంలో ఎన్ని పదాలు చదివారో లెక్క కడతారు. పరిశోధనకు ఆ లెక్క ఉపయోగపడుతుంది, కాదనను. కానీ గడియారం పట్టుకున్న పెద్దమనిషి ముందు ఏడేళ్ల పిల్ల గుండె ఎలా కొట్టుకుంటుందో నేను ఊహించగలను. అసర్ వాళ్లు గడియారాన్ని పక్కనపెట్టి చెవిని నమ్మారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల యువతీయువకులకు ఆ చెవిని అలవాటు చేయడానికే శిక్షణ ఇస్తారు, ఊళ్లోకి తీసుకెళ్లి పిల్లలతో సాధన చేయిస్తారు.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన భాగానికి వస్తాను: ఆ నాలుగు వాక్యాలు రాయడం.

ఒకటో తరగతి స్థాయి పేరా అంటే రాయడానికి రెండు నిమిషాల పని అనిపిస్తుంది. రాసి చూస్తే తెలుస్తుంది. అది ఏ పాఠ్యపుస్తకంలోదీ కాకూడదు, ఎందుకంటే మన పిల్లలు పాఠాలు వల్లె వేస్తారు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా పాఠం అప్పజెప్పగల పిల్లల్ని ప్రాథమిక బడిలో పనిచేసిన ప్రతి టీచరూ చూసే ఉంటారు. అలాగని పుస్తకానికి దూరంగానూ ఉండకూడదు. ఒకటి, రెండు తరగతుల వాచకాల్లో ఏ మాటలు వస్తున్నాయి, వాక్యాలు ఎంత పొడవున్నాయి అని చూసుకుని ఆ కొలతకు కట్టాలి. రాసిన తర్వాత పల్లెల్లో పిల్లల చేత చదివించి, తడబడిన మాటలు తీసేసి, మళ్లీ చదివించాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరి తర్వాత ఒకరు చదువుతుంటే వింటూ ఉన్నవాళ్లకు కంఠస్థం అయిపోకుండా ఒకే బరువున్న పత్రాలు ఒకటి కంటే ఎక్కువ తయారుచేయాలి. ఒక పత్రం తేలికై ఇంకోటి కష్టమైతే కొలతే చెడిపోతుంది.

తెలుగులో ఈ పని చేసేవాళ్ల కష్టం ప్రత్యేకమైనది. ఇది నేను తెలుగు చదవరిగా, రాసేవాడిగా చెబుతున్న మాట. హిందీ పేరాలో వాక్యానికి నాలుగైదు మాటలు అని హద్దు పెట్టుకుంటే సరిపోతుంది. తెలుగు మాట తోక పెంచుకుంటుంది. "ఈదుకుంటూ వచ్చింది" అన్నవి రెండే మాటలు, కానీ పిల్ల గుర్తుపట్టాల్సినవి ఏడు అక్షరాలు, వాటికి గుణింతపు గుర్తులు, సున్నాలు, ఒక ఒత్తు. అందుకని తెలుగులో మాటలు లెక్కపెడితే చాలదు, అక్షరాలు లెక్కపెట్టాలి.

ఆ పైన ఒత్తులు. ఒకటో తరగతి పిల్లలకు ఒత్తులు కష్టం కాబట్టి ఒత్తు లేని వాక్యాలు రాద్దామని కూర్చోండి. అమ్మ వెళ్లిపోతుంది, నాన్న వెళ్లిపోతాడు, అన్నం పోతుంది, చెట్టు, పువ్వు, కుక్క, పిల్లి, గొడ్డు, గొర్రె అన్నీ పోతాయి. ఆరేళ్ల తెలుగు పిల్లకు బాగా తెలిసిన లోకమంతా ద్విత్వాక్షరాల్లో ఉంది. చివరికి "వచ్చింది", "ఉన్నాడు" కూడా మిగలవు. కాబట్టి ఒత్తును తప్పించలేం. తప్పించగలిగేది వేరే హల్లు ఒత్తుగా వచ్చే సంయుక్తాక్షరాన్ని. కుక్కలో క కింద కయే ఉంది, కన్ను దాన్ని త్వరగా పడుతుంది. సూర్యుడిలో, పుస్తకంలో అలా కాదు. ఈ వివేకంతో మాదిరికి నేనొక పేరా రాసి చూశాను:

రాము చెరువు దగ్గర ఆగాడు. అక్కడ ఒక బాతు కనిపించింది. రాము గింజలు వేశాడు. బాతు ఈదుకుంటూ వచ్చింది.

నాలుగు వాక్యాలు, ఒక్కో దాంట్లో మూడు, నాలుగు మాటలు. ఉన్న ఒత్తులన్నీ సొంత ఒత్తులే. ఒక చిన్న సంగతి జరిగింది, ముగిసింది. ఇంత చిన్నదానికి ఎన్ని మాటలు రాసి కొట్టేయాల్సి వచ్చిందో! కొలను అందామా అంటే పిల్లల నోట లేదు. విత్తనాలు అంటే బరువు. కూరగాయ పేరు పెడదామా అంటే ఒకచోట ఆనపకాయ ఇంకోచోట సొరకాయ, ఒకచోట ఉల్లిపాయ ఇంకోచోట ఉల్లిగడ్డ. శ్రీకాకుళం పిల్లకూ ఆదిలాబాద్ పిల్లకూ అనంతపురం పిల్లకూ ఒక్కలాగే తెలిసిన మాట కావాలి. పేరాలో ఏ మాటైనా ఒక ప్రాంతపు పిల్లకు కొత్తదైతే, మనం ఆమె చదవడాన్ని కాక ఆమె పుట్టిన ఊరిని కొలిచినవాళ్లమవుతాం. పరీక్ష తయారుచేసేవాళ్లకు ఇంత బాధ్యత ఉందని ఈ ప్రయత్నం చేశాకే నాకు పూర్తిగా తెలిసింది. వాచకాలు రాసేవాళ్ల మీదా, ప్రశ్నపత్రాలు కూర్చేవాళ్ల మీదా గౌరవం పెరిగింది.

అక్షరాల భాగం చిన్నదే కానీ అక్కడా ఒక జాగ్రత్త ఉంది. అక్షరాలు వర్ణమాల వరుసలో ఉండవు. అ ఆ ఇ ఈ అని రాగం తీసి పాడగల పిల్లకు ఒంటరిగా నిలబడిన "ఈ" ని చూపిస్తే గుర్తుపట్టలేకపోవచ్చు. పాట వచ్చినంత మాత్రాన అక్షరం వచ్చినట్టు కాదు. చెదరగొట్టి చూపించినప్పుడే ప, వ, మ, ష కలగలిసిపోతున్నాయా, విడిగా నిలబడుతున్నాయా అన్నది బయటపడుతుంది.

లెక్కల కాగితం కూడా ఇదే నడకలో ఉంటుంది. అక్కడ మొదలు తీసివేతతో. రెండంకెల సంఖ్యల నుంచి రెండంకెల సంఖ్యలు, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సినవి. రెండు తీసివేతలు చేయాలి, మొదటిది పిల్లే ఎంచుకోవచ్చు. రెండూ వస్తే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క. రాకపోతే 10 నుంచి 99 వరకు సంఖ్యల్ని గుర్తుపట్టడం, అదీ రాకపోతే 1 నుంచి 9. మొదటి తీసివేత తప్పు చేసినా రెండోది ఇవ్వాల్సిందే. ఒక్క లెక్క చూసి పిల్ల మీద ముద్ర వేయకూడదన్నది ఇక్కడ కూడా నియమమే. చదువు పరీక్ష అంత అందం నాకు లెక్కల కాగితంలో కనిపించలేదు. కూడిక లేదు, గుణకారం లేదు, దుకాణంలో చిల్లర లెక్క లేదు. అయితే తీసివేతను ద్వారంగా ఎంచుకోవడం మాత్రం గట్టి నిర్ణయం. అప్పు తెచ్చుకునే తీసివేత వచ్చిన పిల్లకు ఒకట్ల, పదుల స్థానాలు అర్థమైనట్టే. ఒకే లెక్కతో రెండు సంగతులు తెలుస్తాయి.

ఇంతవరకూ కాగితం గురించి. దాన్ని పట్టుకున్న మనిషి ఎలా ఉండాలన్నది ఆ కాగితమంత శ్రద్ధగా ఆలోచించినదే. ఇంటికి వెళ్లగానే పరీక్ష మొదలుపెట్టరు. కూర్చుంటారు, పేరు అడుగుతారు, ఆటల గురించి, బడి గురించి నాలుగు మాటలు మాట్లాడతారు. పిల్ల నేల మీద కూర్చుంటే వాళ్లూ నేల మీదే. మీదకు వంగి నిలబడరు. పిల్ల చదువుతుంటే మధ్యలో దిద్దరు, అందించరు, "ఇది కూడా రాదా" అనరు. చదవడానికి కావలసినంత సమయం ఇస్తారు. ఏ భాషలో చదవగలదో ఆ భాష ఎంచుకోనిస్తారు. ఈ లోపల ఇంటి చుట్టూ జనం చేరతారు. నానమ్మ అందిస్తుంది, మేనమామ "సరిగ్గా చదువు, పరువు తీయకు" అంటాడు, పక్కింటి పిల్లవాడు తనకు వచ్చని ముందే అరిచేస్తాడు. వీళ్లందర్నీ నొప్పించకుండా నెమ్మదింపజేసి ఆ పిల్లకు కాస్త చోటు కల్పించడం సర్వే చేసేవాళ్ల పనిలో భాగం. టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో చదువుకునేవాళ్లు, ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల యువత ఇద్దరిద్దరుగా వెళ్లి ఈ పని చేస్తారు. టీచరు కాబోయే అమ్మాయికి ఇంతకంటే మంచి పాఠం తరగతి గదిలో దొరుకుతుందని నేననుకోను.

ఏ ఇంటికి వెళ్లాలన్నది వాళ్ల ఇష్టం కాదు. జిల్లాకు 30 పల్లెలు జనాభా లెక్కల ఆధారంగా ముందే తేలి ఉంటాయి. ఊరంతా తిరిగి పటం గీస్తారు, ఊరిని నాలుగు భాగాలు చేస్తారు, ఒక్కో భాగంలో ఎడమ చేతి వైపు నడుచుకుంటూ ప్రతి ఐదో ఇల్లు, ఐదేసి ఇళ్లు. ఊరికి 20 ఇళ్లు. ఊరి పెద్ద చూపించిన ఇళ్లకే వెళ్లి వచ్చేసే ప్రమాదం దీంతో తప్పుతుంది. చివర ఉన్న వాడ దాకా నడవాల్సిందే. బడికి కాకుండా ఇంటికే వెళ్లడానికీ కారణం ఉంది. బడిలో అడిగితే ఆ రోజు రానివాళ్లు, మానేసినవాళ్లు, వేరే బడికి వెళ్లేవాళ్లు లెక్కలోకి రారు. ఇంట్లో అందరూ దొరుకుతారు. 5 నుంచి 16 ఏళ్ల దాకా అందరికీ అదే కాగితం. పదిహేనేళ్ల కుర్రాడికి ఒకటో తరగతి పేరా ఇవ్వడం ఏమిటని మొదట నాకూ అనిపించింది. ఏ తరగతిలో ఉన్నారన్న దానితో పని లేకుండా, చదవడం వచ్చా రాదా అన్న ఒక్కటే అడగాలంటే కొలబద్ద మారకూడదు. ఏళ్లు ఎన్ని గడిచినా ఆ కొలబద్దను అంతే బరువుతో ఉంచబట్టే, గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదివినవాళ్లు 2018లో 27.3 శాతం, కరోనా తర్వాత 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం అని పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. బడులు మూతపడిన కాలంలో జారినది, తర్వాత రెండేళ్లలో టీచర్లు పిల్లలతో కూర్చుని తిరిగి తెచ్చుకున్నది ఆ మూడు అంకెల్లో ఉంది.

దీనికి హద్దులు లేవని కాదు. కథ చదివిన పిల్లకు కథ అర్థమైందా అని ఈ స్థాయిలు చెప్పవు. రాయడం గురించి ఏమీ తెలియదు. కథ స్థాయి దాటిన పిల్లలందరూ ఒకే గంపలో పడతారు, బాగా చదివే ఎనిమిదో తరగతి పిల్లకూ ఇప్పుడిప్పుడే దాటిన పిల్లకూ తేడా కనపడదు. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్ల తెలుగు పేరా దగ్గర ఆగిపోతే, ఆగింది లిపి దగ్గరా, భాష దగ్గరా అని ఈ కాగితం విడదీయలేదు. అందుకని అసర్ శాతాలు చూపించి ఒక బడిని గానీ ఒక టీచరును గానీ నిందించడం అన్యాయం. ఆ అంకెలు జిల్లాలకు, రాష్ట్రాలకు సంబంధించినవి. తయారుచేసినవాళ్లు చదువుకు పునాది ఉందా లేదా అని మాత్రమే అడగదలచుకున్నారు. అన్నీ కొలవాలన్న ఆశను అణుచుకోవడం పనివాడికి చాలా కష్టం. ఇంకో గడి, ఇంకో ప్రశ్న చేర్చాలని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. ఇన్నేళ్లుగా ఆ కాగితాన్ని ఒక్క కాగితంగానే ఉంచడం నా దృష్టిలో ఈ పనితనంలో భాగమే.

ఈ కొలత తర్వాత ఏం జరగాలో కూడా అందులోనే ఉంది. పదాల స్థాయి అని తెలిసిన రోజునే రేపు ఏం నేర్పాలో టీచరుకు తెలుస్తుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని రోజులో కొంతసేపు తరగతిని పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెట్టి, అక్షరాలవాళ్లకు గుణింతాల పట్టికతో ఆటలు, పేరావాళ్లకు కథలు, మాటలు, రాత అని నడిపే పద్ధతి ప్రథమ్ అనుభవంలోంచే వచ్చింది. తర్వాత ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఇలాంటి బోధనను ఏళ్ల తరబడి పరీక్షించి చూసి పిల్లలకు చదవడం వస్తోందని తేల్చారు. 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండాలలో ఉవేజో పేరుతో ఇలాంటి ఇంటింటి పరీక్ష మొదలైంది. ముంబై బస్తీల్లో ఎదురైన అవసరం నుంచి పుట్టిన ఆలోచన అలా సముద్రం దాటింది. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు దేశవ్యాప్తంగా దాదాపు 86 వేల మంది మూడో తరగతి పిల్లల్ని పరీక్షించినప్పుడు, రాత పత్రం వదిలి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని నోటితోనే అడిగారు. అదే ఏడాది తెలంగాణ ప్రాథమిక బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది. చదవడం, లెక్క చేయడం ముందు, సిలబస్ తర్వాత అన్న ఆలోచన మన బడుల్లోకీ వచ్చింది.

తల్లిదండ్రులతో, టీచర్లతో ఒక మాట. పరీక్షల రోజులు దగ్గరపడగానే మన ఇళ్లలో గొంతులు మారిపోతాయి. పిల్ల చేతిలో పుస్తకం ఉండగానే "పక్కింటి పిల్లకు అన్నీ వచ్చు" అని మొదలుపెడతాం. మూడో తరగతి నుంచే నవోదయ కోచింగ్ గురించి మాట్లాడతాం. పిల్లకు పరీక్షలో తోడుండడమంటే ఏమిటో ఆ కాగితం దగ్గర నేర్చుకోవచ్చు. మొదట కాసేపు కబుర్లు. తర్వాత మధ్యస్థంగా ఉన్నది ఇవ్వడం. ఆగిపోతే ఒక మెట్టు దిగడం, అక్కడ నిలదొక్కుకున్నాక మళ్లీ పైమెట్టు చూపించడం. చదువుతుంటే దిద్దకుండా వినడం. వచ్చినదాని పేరుతోనే ముగించడం. దీనికి డబ్బు అక్కర్లేదు, ట్యూషన్ మాస్టారు అక్కర్లేదు. చదువు రాని తల్లి కూడా, బిడ్డ ఆగకుండా చదువుతోందా, కూడబలుక్కుంటోందా అని విని చెప్పగలదు.

అసర్ వాళ్ల చదువు పత్రాలు తెలుగులోనూ ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఈ ఆదివారం ఒకటి ప్రింటు తీసుకోండి. మీ ఇంట్లో పిల్లతో, పనిమనిషి గారి పిల్లతో, వీధిలో ఆడుకుంటున్న పిల్లలతో కూర్చోండి. ముందు పేరా చూపించండి.